గైడు గారి తిప్పలు

కండక్టరు ఉద్యోగం నుంచి దిగిపోయి చాలాకాలమైంది గానీ, ఆ సంగతి ఆయన కాళ్ళకి ఇంకా ఎవరూ చెప్పలేదు. బతుకంతా కదిలే బస్సులో నిలబడి గడిపిన మనిషికి కదలని ఇంట్లో కూర్చోవడమంటే నిప్పుల మీద కూర్చున్నట్టే. వంటింటి నుంచి వసారాకి, వసారా నుంచి వీధి గుమ్మానికి, అక్కడి నుంచి మళ్ళీ వంటింటికి రోజంతా ట్రిప్పులు వేస్తూనే ఉంటాడు. దారికి ఎవరడ్డొచ్చినా, కట్టుకున్న ఇల్లాలైనా సరే, "ముందుకి జరగండి, ముందుకి జరగండి" అంటాడు. ఆవిడ గరిటె ఎత్తి పట్టుకుని, "ఇంకెక్కడికి జరగనండీ, పొయ్యిలోకా?" అంటుంది.

ఆ పొద్దున ట్రిప్పులు మరీ ఎక్కువయ్యాయి. అమ్మాయి యూనివర్సిటీ ఊరికి వెళుతోంది. పొద్దున రైలుకి వెళ్ళి సాయంత్రం రైలుకి వచ్చేయడమే. పాత ఊరు, రాతి గోడలు, ఏనుగులు పట్టేంత ద్వారాలు, గంటల గోపురం, ఎప్పటివో చదువుల కట్టడాలు. వాటిని చూడడానికి ఎక్కడెక్కడి వాళ్ళో వస్తారు. నాలుగేళ్ళుగా కూతురు వెళ్ళి వస్తున్నా తానింతవరకూ ఆ ఊళ్ళో కాలు పెట్టలేదని కండక్టరు వారం రోజులుగా ఇల్లు పీకి పందిరేశాడు. చివరికి అమ్మాయే దిగి వచ్చి, "సరే, మీరూ అమ్మా కూడా రండి" అంది.

అమ్మాయికి మాత్రం అది షికారు కాదు. ఆ ఊరి ద్వారాల చరిత్ర మీద ఆమె రాసిన థీసిస్ ఎప్పుడో పూర్తయింది. గైడు గారు ‘సరే’ అంటే పట్టా చేతికొస్తుంది. ఆయన సరే అనడు, వద్దనీ అనడు. మూడో అధ్యాయం ఇంకోసారి చూద్దామంటాడు. చూశాక మరోసారి చూద్దామంటాడు. ఇక్కడ ఆడపిల్లల కాలేజీలో చరిత్ర చెప్పే ఉద్యోగం ఒకటి ఆమె కోసం కాచుకుని ఉంది. ప్రిన్సిపాలమ్మ మంచిది కనుక ఇన్నాళ్ళూ ఆగింది. ఈ సాయంత్రంలోగా గైడు సరే అన్నాడన్న కబురు అందకపోతే వేరేవాళ్ళని తీసుకుంటానని నిన్ననే తెగేసి చెప్పింది.

"నాన్నా, ఒకటే షరతు. మా గైడు గారు ఎదురుపడితే మీరు నోరు తెరవకూడదు" అంది అమ్మాయి.

"నేనా? ఆయనతో నాకేం పనమ్మా?"

"పని లేని చోటే కదా మీరు మాట్లాడేది" అంది ఇల్లాలు, ఉడికించిన గుడ్లూ రొట్టె ముక్కలూ డబ్బాలో సర్దుతూ.

"ఆయన చాలా సున్నితమైన మనిషి నాన్నా. ఓ మాట అటూ ఇటూ అయిందంటే మళ్ళీ మొదటి అధ్యాయం నుంచి చూద్దామంటారు."

"నోటికి తాళం వేసుకుంటా. సరేనా?"

"ఆ ఈల కూడా ఇంట్లో పెట్టేయండి."

కండక్టరు జేబులో చెయ్యి పెట్టుకుని గదిలోకి వెళ్ళాడు. బీరువా తలుపు తెరిచిన చప్పుడైంది. మూసిన చప్పుడైంది. తల్లీకూతుళ్ళు నమ్మారు. ఈల మాత్రం ఆయన జేబులోంచి కదలలేదు.

రైల్లో అమ్మాయికి వేరే పెట్టెలో చోటు దొరికింది. మూడో అధ్యాయం ప్రశాంతంగా చదువుకోవచ్చని ఆమె సంతోషంగా అటు వెళ్ళిపోయింది. కండక్టరు దంపతుల ఎదురుగా ఒక పెద్దాయనా ఆయన భార్యా కూర్చున్నారు. పెద్దాయన కళ్ళజోడు ముక్కు కొసకి జార్చుకుని కాగితాలు చదువుకుంటున్నాడు. పక్కనే కొత్త నల్ల సంచీ, దాని మీద బంగారు రంగులో గోపురం బొమ్మ. బండి ఆగిన ప్రతి స్టేషన్లోనూ కండక్టరు గుమ్మం దగ్గరికి పరిగెత్తి, "ఎక్కండెక్కండి, లోపలంతా ఖాళీయే! ఫుట్‌బోర్డు మీద నిలబడకండి!" అని అరిచి, చెమట తుడుచుకుంటూ వచ్చి కూర్చుంటున్నాడు. పెద్దాయన ఒక్కో అరుపుకీ ఒక్కో కాగితం కింద పడేసుకుంటున్నాడు.

"మీరు రైల్వేలోనా?" అని అడిగిందాయన భార్య.

"కాదండీ, బస్సులో. దిగిపోయాను."

"మరి ఇదేమిటి?"

"దిగినా దిగలేదండీ" అంది ఇల్లాలు.

మధ్యలో ఒక జంక్షన్లో బండి ఆగింది. పెద్దాయన కాగితాలు సంచీలో పెట్టి, భార్యతో కలిసి కాఫీకి దిగాడు. బండి ఎంతకీ కదలదు. కదలకపోవడానికి కారణం కూడా కనబడదు. కండక్టరు కూర్చున్నాడు, లేచాడు, కిటికీలోంచి చూశాడు, మళ్ళీ కూర్చున్నాడు. ఆగిన బండిని చూస్తే ఆయనకి ఒళ్ళంతా జెర్రులు పాకినట్టుంటుంది. చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్ళింది. ఈల దానంతటదే నోట్లోకి వచ్చింది.

"రైట్! రైట్!"

ఆ ఊపిరికి ఎన్ని బస్సులు కదిలాయో లెక్కలేదు. ఆ రోజు రైలు కూడా కదిలింది. ప్లాట్‌ఫారం చివర ఎవరితోనో కబుర్లు చెప్పుకుంటున్న గార్డు ఉలిక్కిపడి, ఈల వేసింది స్టేషను మాస్టరనుకుని, జెండా ఊపేశాడు.

"ఏమండీ! ఎదుటివాళ్ళు ఎక్కలేదండీ!" అంది ఇల్లాలు గుండె బాదుకుంటూ.

కాఫీ గ్లాసులతో పెద్దాయనా భార్యా వెనక్కి వెనక్కి జరిగిపోతున్నారు. కండక్టరు కిటికీలోంచి సగం బయటికి వంగి, "హోల్డాన్! హోల్డాన్!" అని గొంతు చించుకున్నాడు. రైట్ అంటే విన్న రైలు హోల్డాన్ అంటే వినలేదు.

"అమ్మాయికి తెలియనివ్వకు" అన్నాడు, నల్ల సంచీని ఒళ్ళో పెట్టుకుని. "ప్రయాణికుల సామాను మన పూచీ. దిగగానే స్టేషను ఆఫీసులో అప్పగించేద్దాం. వెనక బండికి వాళ్ళే వచ్చి తీసుకుంటారు."

"మీ నోటికి తాళం వేశాం గానీ ఈలకి వెయ్యడం మర్చిపోయాం" అంది ఇల్లాలు.

యూనివర్సిటీ ఊళ్ళో దిగగానే అమ్మాయి వాళ్ళని ఒక బల్ల మీద కూర్చోబెట్టింది. ఆమె కళ్ళు అప్పటికే ఊళ్ళోకి వెళ్ళిపోయాయి. తండ్రి వీపు వెనక దాచిన సంచీని చూసే తీరిక ఆమెకి లేదు. "నేను డిపార్టుమెంటుకి వెళ్ళి గైడు గారిని పట్టుకుంటాను. వచ్చేదాకా ఇక్కణ్ణుంచి కదలకండి" అని పరుగులాంటి నడకతో వెళ్ళిపోయింది.

స్టేషను ఆఫీసుకి తాళం వేసి ఉంది. కండక్టరు మూడుసార్లు వెళ్ళి ఆ తాళాన్ని లాగి వచ్చాడు. నాలుగోసారి వెళ్తుండగా స్టేషను గుమ్మం దగ్గర ఒక మనిషి కనబడ్డాడు. టోపీ, చంకలో ఎర్ర గొడుగు, ఛాతీ మీద ఇంత బిళ్ళ. బిళ్ళ మీద పెద్ద అక్షరాలతో ‘గైడు’ అని ఉంది.

పరిశోధన చేసేవాళ్ళకి దారి చూపే ప్రొఫెసరునీ గైడు అంటారు, ఊరు చూడవచ్చినవాళ్ళకి దారి చూపేవాణ్ణీ గైడే అంటారు. లోకంలో ఇద్దరున్నారని కండక్టరుకి తెలియదు. ఆయనకి తెలిసిన గైడు ఒక్కడే. ఆ ఒక్కడి పేరు చెప్పుకుంటూనే ఆ ఇంట్లో నాలుగేళ్ళుగా పొయ్యి వెలుగుతోంది, కన్నీళ్ళు కారుతున్నాయి.

"ఏమే, గైడు గారు! అమ్మాయి అటు వెళ్ళింది, ఈయన ఇటొచ్చాడు!"

"మీరు మాట్లాడకూడదు."

"నేను మాట్లాడనులే. పలకరిస్తాను."

వెళ్ళి చేతులు జోడించాడు. "గైడు గారూ, మీ దర్శనం కోసం నాలుగేళ్ళుగా ఎదురు చూస్తున్నామండీ."

ఎర్ర గొడుగు గైడు జన్మలో ఇలాంటి టూరిస్టుని చూడలేదు. "అయ్యో, ముందే రావాల్సింది సార్! నేనెక్కడికీ పోను, పాతికేళ్ళుగా ఈ గుమ్మంలోనే ఉన్నాను."

"ఎంతమందిని ఒడ్డున పడేశారో!"

"లెక్కేముంది సార్, రోజుకి రెండు బ్యాచులు."

కండక్టరు ఇంకాస్త దగ్గరికి జరిగాడు. "రోజుకి రెండు బ్యాచులా? మరి మాది మాత్రం నాలుగేళ్ళు..."

"ఎవరు సార్ మీకు నాలుగేళ్ళని చెప్పింది? గట్టిగా రెండు గంటల పని. నా వెనకాల నడవండి, చాలు. మొదటి ద్వారం నుంచి చివరి ద్వారం దాకా పూర్తి చేయించే బాధ్యత నాది."

ద్వారాలన్న మాట వినగానే కండక్టరుకి ఉన్న కాస్త అనుమానమూ ఎగిరిపోయింది. "మూడోదాని దగ్గర ఏదో ఇబ్బందన్నారు?"

"మూడో ద్వారమా? కొంచెం పెచ్చులూడింది సార్. ఏం ఫరవాలేదు, చూసీ చూడనట్టు దాటేద్దాం."

"సాయంత్రం రైలులోపు?"

"మీరు రైలెక్కేటప్పటికి ఏదీ మిగలదు. నా మాట మాటే."

కండక్టరు వెనక్కి తిరిగి ఇల్లాలివైపు ఒక చూపు చూశాడు. నాలుగేళ్ళుగా కూతురు చేయలేనిది తాను నాలుగు మాటల్లో చేశానన్న చూపు అది. ఆవిడకి నమ్మకం కుదరలేదు గానీ, కళ్ళలో నీళ్ళు మాత్రం తిరిగాయి. డబ్బా తెరిచి, "తినండి బాబూ. ఎన్నింటికనగా తిన్నారో. మా పిల్లని చల్లగా చూడండి" అంటూ రెండు గుడ్లు చేతిలో పెట్టింది.

"పిల్ల కూడా ఉందా అమ్మా?"

"మీ ఆఫీసుకే వెళ్ళిందండీ."

"అలాగా. ద్వారం దగ్గర టికెట్ల కిటికీలో మా ఆవిడే ఉంటుంది, కూర్చోబెడుతుందిలెండి" అని గైడు గుడ్డు నోట్లో వేసుకున్నాడు. గైడు గారి భార్య కూడా ఆఫీసులోనే పని చేస్తుందని తెలిసి కండక్టరుకి గౌరవం ఇంకాస్త పెరిగింది.

గొడుగు లేచింది. అప్పటికే పోగైన పదిమంది టూరిస్టులు దాని వెనక నడిచారు. అందరికన్నా వెనక కండక్టరు. "ముందుకి జరగండి, మధ్యలో ఆగకండి, పిల్లల చేతులు పట్టుకోండి."

వాళ్ళు ఆ మలుపు తిరుగుతుండగానే ఈ మలుపులోంచి అసలు గైడు వగరుస్తూ స్టేషనుకి వచ్చాడు. ఈయన ప్రొఫెసరు. మనిషి మంచివాడే. కాకపోతే టీ కావాలా కాఫీ కావాలా అని అడిగితే చల్లారేదాకా ఆలోచిస్తాడు. ఆ సాయంత్రం ఉపన్యాసం ఇవ్వడానికి ఒక మహా పండితుడు భార్యాసమేతంగా రైల్లో వస్తున్నాడు. ఆయన్ని తీసుకురమ్మని పెద్దలు ఈయన్ని పంపారు. ఏ చొక్కా వేసుకోవాలో తేలక ఈయన ఆలస్యం చేశాడు. పండితుడి ముఖం ఈయనెప్పుడూ చూడలేదు. మాట కటువు, వేషం సాదా అని మాత్రం విన్నాడు. గుర్తుకోసం యూనివర్సిటీ వాళ్ళు ముందే ఆయనకి ఒక నల్ల సంచీ పంపారు, గోపురం బొమ్మ ఉన్నది.

దూరంగా మలుపు దగ్గర ఆ గోపురం తళుక్కుమంది. ప్రొఫెసరుకి ప్రాణం లేచొచ్చింది. పరిగెత్తుకుంటూ వెళ్ళి కండక్టరు ముందు వంగి నిలబడ్డాడు.

"గురువుగారూ! క్షమించాలి, ఆలస్యమైపోయింది."

టూరిస్టుల్లో వెనకబడినవాడెవడో అనుకున్నాడు కండక్టరు. "అయింది గదా, ఇంకా నిలబడతారేం? ముందుకి జరగండి."

విన్నట్టే ఉన్నాడు, అనుకున్నాడు ప్రొఫెసరు. "మీరు నడవడమెందుకండీ, కారుంది."

"కుదరదు. గైడు గారు నడవమన్నారు. ఆయనకి కోపం తెప్పిస్తే అంతే సంగతులు."

అంత గొప్పవాడు ఊరు చూడడానికి గైడు మాట ఇంతగా వింటున్నాడంటే ఎంత వినయం అనుకుంటూ ప్రొఫెసరు పక్కన నడిచాడు. సంచీ తాను మోస్తానన్నాడు. కండక్టరు ఇవ్వలేదు. ప్రయాణికుల సామాను గదా.

"మీరేం చేస్తుంటారు?" అన్నాడు కండక్టరు కాసేపటికి.

"ఇక్కడే, పిల్లలకి చదువు చెబుతుంటానండీ."

కండక్టరు గొంతు తగ్గించాడు. ఎర్ర గొడుగు వైపు కళ్ళతో చూపించాడు. "అయితే ఈయన సంగతి మీకు తెలిసే ఉంటుంది."

"ఊరందరికీ తెలుసండీ. ఏళ్ళ తరబడి చెప్పిందే చెబుతాడు. ఆయన పనల్లా వచ్చినవాళ్ళని తిప్పడం. తిప్పి తిప్పి వదిలేస్తాడు."

"అదీ మాటంటే! నాలుగేళ్ళుగా మా అమ్మాయిని తిప్పుతున్నాడండీ."

ప్రొఫెసరు ఆగిపోయాడు. "ఎవరు? ఈయనా? మీ అమ్మాయినా?"

"ఒక్కగానొక్క పిల్ల. రమ్మంటాడు, వెళుతుంది. మళ్ళీ రమ్మంటాడు, మళ్ళీ వెళుతుంది. అవుననడు, కాదనడు."

"ఇది... ఇంట్లో మీకు తెలుసా?"

"తెలియకేం? రైలు టికెట్టు కొనిచ్చి నేనే పంపిస్తున్నాను."

"మీరే!" అన్నాడు ప్రొఫెసరు. "మరి పెళ్ళి?"

"ఇది తేలితే గానీ పెళ్ళి మాటెత్తొద్దంటుంది."

"కానీ గురువుగారూ, ఆయనకి పెళ్ళయిపోయిందండీ!"

"అయితే మంచిదే గదా, పిల్లల బాధ తెలిసినవాడై ఉంటాడు" అన్నాడు కండక్టరు. ఇల్లాలు కొంగుతో కళ్ళు వత్తుకుంటూ, "ఆయన్నేమీ అనకండి బాబూ. ఒక్క ‘సరే’ అంటే చాలు, మా పిల్ల బతుకు బాగుపడుతుంది" అంది.

ప్రొఫెసరు ఎప్పుడూ కోపం తెచ్చుకోని మనిషి. ఏ విషయం మీద తెచ్చుకోవాలో తేలేసరికి విషయం పాతబడిపోయేది. ఆ రోజు మాత్రం ఒక్కసారిగా తెలిసిపోయింది. లోకం మొక్కే పండితుడు, ఆడకూతురి తండ్రి, రోడ్డు మీద గొడుగు వెనకాల ఇలా బతిమాలుకుంటూ నడవడమా! పెద్ద ద్వారం దగ్గరికి చేరేసరికి ఆయన చొక్కా చేతులు పైకి మడిచాడు. తిన్నగా వెళ్ళి గైడు కాలరు పట్టుకున్నాడు.

"ఇవాళ తేలిపోవాలి!"

"ఏంటి సార్? టికెట్టా?"

"ఆ అమ్మాయి సంగతి! సరే అంటావా, అనవా? నాలుగేళ్ళు తిప్పుతావా ఒక ఆడపిల్లని? చూద్దాం, చూద్దాం అని నాన్చుతావా? నీకు మనసనేది ఉందా?"

"ఏ అమ్మాయి సార్?"

"నాలుగేళ్ళు తిప్పి ఏ అమ్మాయంటావా?"

టికెట్ల కిటికీ దడాలున తెరుచుకుంది. అందులోంచి ముందు ఒక తల, తరువాత ఒక చెయ్యి, ఆ తరువాత పక్క తలుపులోంచి గైడు భార్య మొత్తం బయటికి వచ్చింది.

"నాలుగేళ్ళా?" అంది.

"అబద్ధమే! పొద్దున్న గుడ్లు పెట్టారే, ఆ పిచ్చోళ్ళు, వాళ్ళు..."

"పొద్దున్నే గుడ్లు కూడా తిన్నావా?"

ఆవిడ గొడుగు లాక్కుంది. టూరిస్టులు చుట్టూ మూగారు. ఒకాయన పిల్లవాణ్ణి భుజాల మీదికెక్కించుకున్నాడు, బాగా కనబడాలని. గైడు గారి మీద చెయ్యి పడితే అమ్మాయి థీసిస్ గతేమవుతుందోనని కండక్టరు హడలిపోయాడు. ఆయనకి తెలిసిన ఉపాయం ఒక్కటే. ఈల తీశాడు.

"హోల్డాన్!"

ఈసారి అందరూ ఆగారు. ఎత్తిన గొడుగు ఎత్తినట్టే ఉంది. ఆ నిశ్శబ్దంలోకి, డిపార్టుమెంటు నుంచి స్టేషనుకీ, స్టేషను నుంచి ఇక్కడికీ పరుగులు పెట్టి చెమటలు కక్కుతూ, అమ్మాయి వచ్చింది. కళ్ళు పెద్దవి చేసి చూసింది. తన ప్రొఫెసరు ఒక గైడు కాలరు పట్టుకుని ఉన్నాడు. తన తండ్రి నోట్లో ఈల ఉంది.

"ఇదిగో, ఈవిడే మా అమ్మాయి!" అన్నాడు కండక్టరు ఉత్సాహంగా.

"ఈవిడేనా?" అంది గైడు భార్య, గొడుగు అటు తిప్పి.

"నువ్వా?" అన్నాడు ప్రొఫెసరు, చేతిలో కాలరు వదిలేసి. "నువ్వు ఈయన కూతురివా? నాలుగేళ్ళలో ఒక్కసారైనా చెప్పలేదే! పాపం, నిన్నా ఇతను తిప్పుతున్నది?"

అమ్మాయికి ఏమీ అర్థం కాలేదు. కానీ ‘తిప్పడం’ అన్న ఒక్క మాట మాత్రం బాగా అర్థమైంది. పొద్దున్నుంచి తిరిగిన కాళ్ళు నొప్పులు పుడుతున్నాయి, సాయంత్రం రైలు గుర్తొస్తోంది, ప్రిన్సిపాలమ్మ ముఖం గుర్తొస్తోంది. నాలుగేళ్ళ వినయం ఒక్కసారిగా అడుగంటిపోయింది.

"ఈయనెవరో నాకు తెలియదండీ" అంది. "నాలుగేళ్ళుగా నన్ను తిప్పుతున్నది ఈయన కాదు. మీరు."

గొడుగు మెల్లగా ప్రొఫెసరు వైపు తిరిగింది.

"మూడో అధ్యాయం చూద్దామని రమ్మంటారు. వస్తాను. మళ్ళీ చూద్దామంటారు. మళ్ళీ వస్తాను. సరే అనరు, వద్దనరు. ఇవాళ సాయంత్రం దాటితే నా ఉద్యోగం పోతుంది సార్."

"అయ్యో, అయితే గైడు ఈయనా!" అని ఇల్లాలు నాలుక కరుచుకుంది. ఇచ్చిన గుడ్లు వెనక్కి అడగడం బాగుండదని ఊరుకుంది.

"ఇందాక ఏమన్నారు?" అంది గైడు భార్య ప్రొఫెసరుతో. "ఆడపిల్లని తిప్పుతావా, నాన్చుతావా, మనసుందా అన్నారు కదా. మీరే అన్నారు, మేమంతా విన్నాం. తేల్చండి మరి."

"తేల్చండి, తేల్చండి" అన్నారు టూరిస్టులు. పాపం, వాళ్ళకి టికెట్టు డబ్బులు ఇప్పుడు గిట్టుబాటయ్యాయి.

ప్రొఫెసరు అటు చూశాడు, ఇటు చూశాడు, చివరికి గోపురం బొమ్మ ఉన్న సంచీని చూశాడు. మహా పండితుడి ఎదుట తన పరువు ఆ ఒక్క మాట మీద వేలాడుతోంది. నీళ్ళు నమిలాడు. "సరే" అన్నాడు.

"రైట్! రైట్!" అన్నాడు కండక్టరు పట్టలేక. టూరిస్టులు అలవాటైపోయి నాలుగడుగులు ముందుకి జరిగారు.

కథ అక్కడితో ఆగితే బాగుండేది. కానీ ప్రొఫెసరు చేతులు నలుపుకుంటూ, "గురువుగారూ, ఇక తమ ఉపన్యాసానికి వేళవుతోంది" అన్నాడు.

"నా ఉపన్యాసమేమిటండీ?"

"మా నాన్న ఉపన్యాసమివ్వడమేమిటి సార్? ఆయన బస్సు కండక్టరు" అంది అమ్మాయి.

"మరి ఈ సంచీ?"

అప్పుడు కండక్టరు చెప్పక తప్పలేదు. జంక్షనూ, కాఫీ, ఈల, అన్నీ చెప్పాడు. చెబుతున్నకొద్దీ ప్రొఫెసరు ముఖం గోడ సున్నంలా తెల్లబడింది. తరువాత మెల్లగా ఎరుపెక్కింది. "అంటే నేను సరే అన్నది..." అంటూ అమ్మాయి వైపు తిరిగాడు. "చూడమ్మా, అది ఆవేశంలో వచ్చిన మాట. ఆ మూడో అధ్యాయం ఇంకొక్కసారి..."

అమ్మాయి కళ్ళు మూసుకుంది. దూరంగా రైలు కూత వినబడింది. వెనక బండి.

అందరూ పరుగే పరుగు. ముందు ప్రొఫెసరు, వెనక సంచీతో కండక్టరు, ఆ వెనక తల్లీకూతుళ్ళు, ఆ వెనక గొడుగుతో గైడు భార్య, తన తప్పు లేదని ఇంకా చెప్పుకుంటూ గైడు. ప్లాట్‌ఫారం మీద పెద్దాయన దిగుతున్నాడు. చేతిలో కాఫీ గ్లాసు ఇంకా ఉంది.

"నా సంచీ!" అన్నాడు. "మీరు మా ఎదుటి సీటాయన కదూ? భద్రంగా తెచ్చారా? మీలాంటి నిజాయితీపరులు కూడా ఉన్నారయ్యా. ఆ గార్డెవడో మాత్రం మేం ఎక్కకుండానే ఈల ఊదేశాడు. స్టేషను మాస్టరుతో ఇంతసేపూ పోట్లాడి వస్తున్నాను. ఆ ఈల వేసినవాడెవడో తేలేదాకా వదలను."

కండక్టరు నోరు తెరిచాడు. నిజాయితీపరుడన్న మాట ఆయన్ని లోపల గుచ్చుతోంది.

"నాన్నా" అంది అమ్మాయి చాలా నెమ్మదిగా. "తాళం."

కండక్టరు నోరు మూశాడు. అప్పుడు ప్రొఫెసరు తెరిచాడు. కానీ ఈల సంగతి చెబితే సంచీ సంగతి చెప్పాలి. సంచీ సంగతి చెబితే బస్సు కండక్టరుని గురువుగారూ అంటూ ఊరంతా వెంట తిరిగిన సంగతి, గొడుగు గైడు కాలరు పట్టుకున్న సంగతి, అన్నీ చెప్పాలి. ఆయనా మూశాడు.

"ఈ పిల్లెవరు? మీ విద్యార్థినా?" అన్నాడు పెద్దాయన, తనని తీసుకువెళ్ళడానికి వచ్చిన ప్రొఫెసరుతో. "ఈ సత్యవంతుడి కూతురా? పని ఎంతవరకు వచ్చింది?"

ప్రొఫెసరు ఆకాశం వైపు చూశాడు. ఆలోచించుకోవడానికి అక్కడ చల్లారే టీ లేదు.

"సరే అనేశారండీ" అంది గైడు భార్య, గొడుగు నేలకి తాటిస్తూ. "అందరం విన్నాం."

"అవునండీ" అన్నాడు ప్రొఫెసరు. "ఇవాళే. అయిపోయింది."

అమ్మాయి ఫోను తీసి పక్కకి పరిగెత్తింది. ప్రిన్సిపాలమ్మతో ఆమె మాట్లాడుతున్న మాటలు ఎవరికీ వినబడలేదు గానీ, చెంపలు తుడుచుకోవడం అందరికీ కనబడింది. పెద్దాయన భార్య కండక్టరు దగ్గరికి వచ్చింది. ఆయన జేబులోంచి వేలాడుతున్న ఈల తాడు వంక చూసి, దాన్ని వేలితో లోపలికి తోసింది. "ఎన్నేళ్ళయిందో బాబూ, ఈయన కాగితాలు లేకుండా నా ఎదురుగా కూర్చుని" అని గొణిగి, భర్త వెనక వెళ్ళిపోయింది.

తిరుగు రైల్లో కండక్టరు బుద్ధిగా కూర్చున్నాడు. గుమ్మం దగ్గరికి వెళ్ళలేదు, ఎవరినీ ఎక్కమనలేదు. అమ్మాయి ఆయన భుజం మీద తల ఆనించి, మూడో అధ్యాయం ఒళ్ళో ఉండగానే నిద్రపోయింది. ఆ జంక్షన్లో బండి మళ్ళీ ఆగింది. ఎంతకీ కదలదు. కారణం కనబడదు. ఇల్లాలు అటు కదిలింది, ఇటు కదిలింది, కిటికీలోంచి తొంగి చూసింది, నిట్టూర్చింది. కండక్టరు రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"ఏమండీ" అంది ఇల్లాలు కాసేపటికి, "ఆ ఈల ఒకసారి ఇలా ఇవ్వండి."